స్కూల్ నవలా, సాహస నవలా: ఒక్కదానికే డబ్బులుంటే ఏది కొనాలి?

ఆదివారం పొద్దున పదకొండు గంటలకి, అబిడ్స్‌లో షట్టర్లు దించిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల దగ్గర నేనూ మా పెద్దమ్మ కొడుకూ గొంతుక్కూర్చుని ఉన్నాం. వాడు ఆరో తరగతి. వాడికి ఒక చేతిలో హాస్టల్ పిల్లల కథ, ఇంకో చేతిలో అట్ట మీద దీవి బొమ్మ ఉన్న పుస్తకం. పెద్దమ్మ ఇచ్చిన డబ్బుల్లో సగం దారిలోనే చెరకు రసానికీ ఉస్మానియా బిస్కెట్లకీ అయిపోయాయి కాబట్టి మిగిలినవి ఒక్క పుస్తకానికే సరిపోతాయి. "అక్కా, రెండిట్లో ఏది బాగుంటుంది?" అన్నాడు. "రెండూ బాగుంటాయిరా" అనేశాను. అన్నాక నాకే సిగ్గేసింది. అది జవాబు కాదు, తప్పించుకోవడం.

నేనిప్పుడు ఇంటర్ ఫస్టియర్. మూడో తరగతి నుంచి పదో తరగతి వరకు నేను చదివిన కథల పుస్తకాల్లో ముప్పాతిక వంతు ఈ రెండు రకాలే, ఒకటి బడి చుట్టూ తిరిగేది, రెండోది ఇల్లు దాటి వెళ్లిపోయేది. అందుకని వాడికి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య ఉన్నవాళ్లకి, ఇంకా వాళ్లకి పుస్తకం కొనిపెట్టాలనుకునే అమ్మానాన్నలకీ పిన్నీబాబాయిలకీ.

ముందు తేడా సంగతి. స్కూల్ నవలలో స్నేహాలూ గొడవలూ ఉంటాయి, సాహస నవలలో నిధులూ దొంగలూ ఉంటారు అని అందరూ చెప్తారు, అది అట్ట చూస్తేనే తెలుస్తుంది. నేను గమనించిన అసలు తేడా ఒక్కటే, ఈ కథలో పెద్దవాళ్లు ఎక్కడున్నారు? సాహస నవల మొదలవ్వాలంటే రచయిత ముందు చేసే పని పెద్దవాళ్లని పక్కకి తప్పించడం. 'ఫేమస్ ఫైవ్'లో క్వెంటిన్ అంకుల్ శాస్త్రవేత్త, ఎప్పుడూ తన గదిలో పనిలో ఉంటాడు, చప్పుడు చేస్తే కోప్పడతాడు, కాబట్టి పిల్లలు బయటికి పోక తప్పదు. 'ట్రెజర్ ఐలాండ్' మొదట్లోనే జిమ్ వాళ్ల నాన్న చనిపోతాడు. 'హాచెట్' అయితే ఇంకా దారుణం, చిన్న విమానంలో పదమూడేళ్ల బ్రయన్ ఒక్కడూ పైలట్‌తో వెళ్తుంటాడు, ఆ పైలట్‌కి గాల్లోనే గుండెపోటు వస్తుంది, ఇక అక్కడినుంచి కెనడా అడవిలో 54 రోజులు వాడికి వాడే దిక్కు.

స్కూల్ నవలలో దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ పెద్దవాళ్లు ఎటూ పోరు. క్లాసులో టీచర్, హాస్టల్లో వార్డెన్, మధ్యలో బెల్లు. ఆ కళ్లన్నిటి కింద, ఆ రూల్స్ మధ్యలో పిల్లలు తమకంటూ ఇంత చోటు ఎలా చేసుకుంటారు, ఎవరితో కూర్చుంటారు, ఎవరిని వదిలేస్తారు అన్నదే కథ. అర్ధరాత్రి హాస్టల్ గదిలో లైట్లార్పేసి కేకు పంచుకు తినడం కూడా అక్కడ నిధి దొరికినంత పని.

ఇది తెలిశాక ఎంచుకోవడం తేలికవుతుంది. పుస్తకం ఎవరికోసమో వాళ్ల రోజుని ఒకసారి లెక్కేసి చూడండి. మా తమ్ముడిదే చెప్తా. పొద్దున ఏడున్నరకి బస్సు, సాయంత్రం నాలుగున్నరకి ఇల్లు, ఐదింటికి ట్యూషన్, ఏడింటికి హోంవర్క్, ఆదివారం అబాకస్. అపార్ట్‌మెంట్ కింద ఆడుకుంటున్నా వాచ్‌మెన్ చూస్తూ ఉంటాడు, పైనుంచి పెద్దమ్మ చూస్తూ ఉంటుంది. ఏ పెద్దమనిషి కన్నూ పడకుండా వాడికి రోజులో పది నిమిషాలు కూడా ఉండవు, బాత్రూమ్ కలిపినా సరే. ఇలాంటివాడికి మళ్లీ బెల్లూ టీచరూ ఉన్న కథ ఇస్తే ఊపిరి ఎక్కడ ఆడుతుంది? వాడికి సాహస నవల. ముందు ఒక దీవిలో వదిలిపెట్టండి వాడిని, మిగతావి తర్వాత.

అదే మా పక్క ఫ్లాట్ పాప సంగతి వేరు. ఐదో తరగతి, కొత్తగా స్కూల్ మారింది, వాళ్లమ్మ సాయంత్రం ఏడు దాకా ఆఫీసులో ఉంటుంది కాబట్టి ఇంట్లో ఒక్కతే తాళం తీసుకుని కూర్చుంటుంది. తనకి ఒంటరితనం కావలసినంత ఉంది, ఇంకో అడవి అక్కర్లేదు. కావలసింది ఒక గుంపు, అదీ పేర్లున్న గుంపు, ఎవరు మంచివాళ్లో ఎవరు కుళ్లుబోతులో మెల్లగా తెలుసుకోగలిగే గుంపు. తనకి నేను 'మాలరీ టవర్స్' అనే హాస్టల్ కథల సిరీస్‌లో మొదటిది ఇచ్చా, రెండు రోజుల్లో వచ్చి రెండోది అడిగింది.

ఒక్క హెచ్చరిక. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారని తెలిసిందనుకోండి, వెంటనే పెద్దవాళ్లు వెళ్లి అదే విషయం మీద ఉన్న నవల తెచ్చి మందు బిళ్లలా చేతిలో పెడతారు. దయచేసి అలా చెయ్యొద్దు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నా జడ మీద, నా కళ్లద్దాల మీద క్లాసులో కొంతమంది రోజూ జోకులు వేసేవాళ్లు, ఆ టైంలో ఒక బంధువు నాకు 'వండర్' ఇచ్చారు. 2012లో వచ్చిన పుస్తకం, ముఖం వేరేగా ఉన్న ఆగీ అనే అబ్బాయి ఐదో తరగతిలో మొట్టమొదటిసారి బడికి వెళ్లే కథ. మంచి పుస్తకమే, కానీ అప్పుడు నాకు ప్రతి పేజీ మళ్లీ క్లాసులోకి వెళ్లినట్టే అనిపించి ముప్పయ్యో పేజీ దగ్గర మూసేశా. ఆ ఏడాదంతా నన్ను నిలబెట్టింది పెర్సీ జాక్సన్. పన్నెండేళ్ల వాడు, అక్షరాలు తారుమారుగా కనపడతాయి, ఒకచోట కుదురుగా కూర్చోలేడు, ఏ బడిలోనూ ఏడాదికి మించి ఉండనివ్వరు, తీరా చూస్తే వాళ్ల నాన్న గ్రీకు దేవుడు! రచయిత రిక్ రయర్డన్ ఈ కథని మొదట తన కొడుకు కోసం చెప్పాడు, ఆ అబ్బాయికి కూడా చదవడంలో అదే ఇబ్బంది ఉండేది. బడిలో దెబ్బతిన్నవాళ్లకి బడి గురించి చెప్పే పుస్తకం కంటే బడి బయట నువ్వు ఇంకెవరివో కావచ్చు అనే పుస్తకం ముందు కావాలేమో. 'వండర్' నేను రెండేళ్ల తర్వాత, ఆ గొడవలన్నీ పోయాక చదివా. అప్పుడు ఏడ్చా, బాగా ఏడ్చా. అందులో ఆగీ ఒక్కడే కాదు, వాళ్లక్కా స్నేహితులూ కూడా తమ వైపునుంచి కథ చెప్తారు, దూరం నుంచి చదివితేనే అది రుచి తెలుస్తుంది.

ఇక కొనేటప్పుడు పనికొచ్చే సంగతులు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే సిరీస్ ఎలాంటిదో చూసుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు. అబిడ్స్‌లో గానీ కోఠీలో గానీ మీకు కావలసిన మొదటి భాగం ఎప్పుడూ దొరకదు, నాలుగోదో పదిహేడోదో దొరుకుతుంది. 'ఫేమస్ ఫైవ్' 1942 నుంచి 1963 వరకు 21 పుస్తకాలు వచ్చాయి, ఇన్నేళ్లలో ఆ పిల్లలు పెద్దగా ఎదిగిందీ లేదు, మారిందీ లేదు, మళ్లీ సెలవులు, మళ్లీ సైకిళ్లు, మళ్లీ సొరంగం. కాబట్టి ఏ నంబరు దొరికితే అది పట్టుకోండి, నష్టం లేదు. 'మాలరీ టవర్స్' అలా కాదు. 1946 నుంచి 1951 దాకా ఆరే పుస్తకాలు, డారెల్ మొదటిదాంట్లో కొత్త పిల్ల, చివరిదాంట్లో బడి వదిలి వెళ్లిపోయే పెద్ద పిల్ల. మధ్యలోది ముందు చదివితే ఎవరితో ఎవరికి చెడిందో, ఎవరు ఎవరిని క్షమించారో ముందే తెలిసిపోతుంది, ఇంక ఏం మిగులుతుంది! స్కూల్ నవలల్లో సస్పెన్స్ అదే కదా. రెండూ రాసింది ఒకావిడే, ఎనిడ్ బ్లైటన్, అయినా ఇంత తేడా.

రెండోది, చివరి పేజీలు తిరగేసి చూడండి. ఒకసారి నేను కొన్న సాహస నవలకి ఆఖరి పన్నెండు పేజీలు లేవు. దొంగ ఎవరో తెలియకుండా నెల రోజులు ఉన్నా, నిద్రలో కూడా అదే. అదే ఒక స్కూల్ నవలకి చివరి పేజీలు పోయినా నేను పట్టించుకోలేదు, అప్పటికే ఆ పిల్లలందరూ నాకు తెలుసు, ఏం చేసి ఉంటారో నేనే ఊహించుకున్నా. ఇందులోనే రెండింటి స్వభావం తెలిసిపోతుంది. సాహస నవల 'తర్వాతేమైంది' కోసం చదువుతాం, తెలిసిపోయాక మళ్లీ తెరవాలనిపించదు. స్కూల్ నవలకి మళ్లీ మళ్లీ వెళ్తాం, జ్వరమొచ్చినప్పుడు, కరెంటు పోయినప్పుడు, ఎవరితోనో కటీఫ్ అయినప్పుడు. నా 'మాలరీ టవర్స్' మొదటి పుస్తకం ఫెవికాల్‌తో మూడుసార్లు అతికించింది. నా 'ట్రెజర్ ఐలాండ్' ఇంకా కొత్తగానే ఉంది. అంటే డబ్బులకి గిట్టుబాటు కావాలంటే స్కూల్ నవల కొని సాహస నవల లైబ్రరీలో తెచ్చుకోవడం మేలు, ఇది మా నాన్న లాజిక్, నాకూ నచ్చింది.

లైబ్రరీ అంటే, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే అన్నయ్యలతో అక్కయ్యలతో కిటకిటలాడుతూ ఉంటుంది, కథల పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది, ఫర్వాలేదు, కూర్చోండి. అఫ్జల్‌గంజ్‌లోది 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, ఆ మెట్లెక్కుతుంటేనే సగం సాహస నవల చదివినట్టు ఉంటుంది. మా పాత స్కూల్లో కూడా లైబ్రరీ ఉండేది. గాజు బీరువా, దానికి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఐదేళ్లలో నాకు తెలియలేదు.

ఇప్పుడు భాష సంగతి, ఇక్కడ కొంచెం ఆగాలి. మాలో చాలామంది ఇంగ్లీష్ మీడియం, తెలుగు చదువుతాం గానీ వేలు పెట్టి చదివినట్టు మెల్లగా చదువుతాం. తెలుగులో చదవడం అలవాటు కావాలంటే సాహసంతోనే మొదలుపెట్టాలి అని నేను గట్టిగా చెప్తా. కథ ముందుకు లాగుతుంటే తెలియని మాట దగ్గర ఆగం, దాటేస్తాం, నాలుగోసారి అదే మాట వచ్చేసరికి అర్థం దానంతటదే తెలుస్తుంది. నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన 'టామ్ సాయర్', 'కాంచన ద్వీపం' ఉన్నాయి, 'కాంచన ద్వీపం' అంటే 'ట్రెజర్ ఐలాండే'. ఆపిల్ పీపాలో దాక్కుని జిమ్ కుట్ర మొత్తం వినే ఘట్టం నేను ఇంగ్లీషులో చదివినప్పుడు ఆ ఓడ మాటలతో తికమకపడ్డా, తెలుగులో చదివితే ఊపిరి బిగబట్టా. ఇంకోటి, పెద్దవాళ్లు తప్పుకోవడం గురించి ఇందాక చెప్పా కదా, ఈ కథలో పెద్దవాళ్లు చాలామందే ఉంటారు గానీ వాళ్లలో నమ్మదగినవాడెవడో తెలియదు, అది ఇంకా భయం. ఒంటికాలి సిల్వర్ నవ్వుతూ మాట్లాడుతుంటే నాక్కూడా వాడంటే ఇష్టమే.

చందమామ సీరియల్స్ ఉన్నాయి చూడండి, 'తోకచుక్క', 'కంచుకోట', 'పాతాళ దుర్గం', 'రాకాసి లోయ', ఇవన్నీ దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసినవి. మా తాతయ్య వాటిని నెలకో భాగం చొప్పున చదివాడట, ప్రతి భాగం చివర్లో ఎవడో ఒకడు కొండ అంచు మీద వేలాడుతుంటే నెల రోజులు ఆగేవాడట. మనకి ఎపిసోడ్ అయిపోతే పది సెకన్లలో తర్వాతది వచ్చేస్తుంది, ఆ బాధ మనకి తెలియదు. మాంత్రికులు ఎక్కువ, ఆడపిల్లలకి పని తక్కువ, అది నాకు నచ్చలేదు, కానీ స్పీడు మాత్రం ఏ ఇంగ్లీష్ సిరీస్‌కీ తీసిపోదు. (ఆ మాటకొస్తే 'ఫేమస్ ఫైవ్'లో కూడా గిన్నెలు కడిగేది ఎప్పుడూ ఆన్ అనే పిల్లే. చదువుతున్నంతసేపూ నాకు ఒళ్లు మండేది.)

తెలుగులో బడి కథ కావాలంటే నాకు దొరికినంతలో మొదట చెప్పేది 'రైలుబడి'. ఇది జపాన్‌ది, అసలు పేరు టొటో చాన్ మీద ఉంటుంది, తెత్సుకో కురొయనాగి 1981లో రాసింది. నవల కూడా కాదు, ఆవిడ చిన్నప్పటి నిజం కథ, అయినా ఈ లిస్టులో దీన్ని వదిలెయ్యడం నావల్ల కాదు. ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేస్తారు ఆ పిల్లని, తప్పేంటంటే డెస్కు మూత ఊరికే తీసి వేస్తూ ఉంటుంది, కిటికీ దగ్గర నిలబడి వీధిలో వాయించుకుంటూ పోయేవాళ్లని పిలుస్తుంది. కొత్త బడిలో పాత రైలుపెట్టెలే క్లాసురూములు. మొదటిరోజు హెడ్మాస్టర్ ఆ పిల్ల చెప్పేది నాలుగు గంటలు కూర్చుని వింటాడు. నాలుగు గంటలు! మా ప్రిన్సిపాల్ గదిలో నేను ఎక్కువలో ఎక్కువ నాలుగు నిమిషాలున్నా, అందులో మూడు నిలబడి. మధ్యాహ్నం డబ్బాలో 'సముద్రం నుంచి కొంచెం, కొండల నుంచి కొంచెం' తేవాలని అక్కడ రూలు. అది చదివాక మా ఇంట్లో వారం రోజులు పప్పు కొండలదా సముద్రానిదా అని తగువు. పెద్దవాళ్లు మొత్తం రోజంతా పక్కనే ఉన్నా ఊపిరి ఆడే బడి కథ నేను చదివింది ఇదొక్కటే. పెద్దవాళ్లు కొంటే ముందు వాళ్లు చదవాలి, పిల్లలకి తర్వాత.

తెలుగు పుస్తకాలు తార్నాకలో మంచి పుస్తకం దగ్గర, కాచిగూడ నవోదయ బుక్ హౌస్‌లో చూడండి, లేదా డిసెంబరులో బుక్ ఫెయిర్ దాకా ఆగండి. ఫుట్‌పాత్ మీద తెలుగు పిల్లల పుస్తకాలు నాకు పెద్దగా కనపడలేదు.

రెండూ ఒకదాంట్లోనే కావాలనేవాళ్లు ఉంటారు, మా తమ్ముడిలా. వాళ్లకి 'హ్యారీ పాటర్' ఉంది, అది నిజానికి వేషం మార్చిన హాస్టల్ నవల. మార్కులు, హౌసులు, పరీక్షలు, నచ్చని సారు, అన్నీ ఉన్నాయి, మంత్రాలు దాని పైన. కాకపోతే లావు చూసుకుని దిగాలి. మొదటిది ఇంగ్లండ్ ముద్రణలో 223 పేజీలు, ఐదోది 766. మూడో తరగతి పిల్లకి ఏడు పుస్తకాల సెట్టు మొత్తం బర్త్‌డేకి కొనిచ్చి షోకేసులో పెట్టిన ఇళ్లు నాకు తెలుసు, ఒక్కొక్కటీ కొనండి, పిల్లలు ఎదిగే కొద్దీ కథ కూడా ముదురుతుంది.

కానీ నన్నడిగితే ఆర్.కె. నారాయణ్ 1935లో రాసిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఇంకా మేలు. ఇంగ్లీష్ తేలిక, 'మాలరీ టవర్స్' పిల్లలు ఆడే లాక్రోస్ అంటే ఏంటో అన్నట్టు గూగుల్ చెయ్యక్కర్లేదు, లెక్కలు రాకపోతే నాన్న పక్కన కూర్చోబెట్టుకుని మామిడిపళ్ల లెక్క చేయించే ఇల్లు మన ఇల్లే. ముక్కాలు భాగం బడి, క్రికెట్ టీము, మణి, రాజం. తర్వాత స్వామి బడినుంచి పారిపోతాడు, దారి తప్పుతాడు, రాత్రి చెట్ల మధ్య ఒక్కడే. అప్పటిదాకా పెద్దవాళ్లు లేకపోతే ఎంత హాయి అనుకుంటూ వచ్చినవాడికి ఆ అడవిలో నాన్న కావాలి, నానమ్మ కావాలి. ఇన్ని సాహస నవలలు చదివినా, దారి తప్పితే అసలు ఎలా ఉంటుందో నాకు కడుపులో తెలిసింది ఆ కొన్ని పేజీల్లోనే. క్రికెట్ మ్యాచ్ ఏమైందో నేను చెప్పను.

షాపులో నిలబడి తేల్చుకోలేకపోతే నేను చేసేదొకటుంది. సాహస నవల అయితే రెండో అధ్యాయం చివరికి వచ్చేసరికి పిల్లలు ఇల్లు దాటారా లేదా చూస్తా, దాటకపోతే పెట్టేస్తా. స్కూల్ నవల అయితే పది పేజీలు చదివి పుస్తకం మూసి ముగ్గురి పేర్లు గుర్తుచేసుకుంటా, గుర్తొస్తే కొంటా. 'మాలరీ టవర్స్'లో అయితే గ్వెండొలిన్ పేరు చచ్చేదాకా గుర్తుంటుంది, ఈత కొలను దగ్గర డారెల్ తనని గట్టిగా కొడుతుంది, అది చదివి నేను మంచం మీద లేచి కూర్చున్నా.

ఆ ఆదివారం సంగతి చెప్పలేదు కదా. వాడి రోజంతా ఒకసారి లెక్కేసి "దీవిది తీసుకోరా" అన్నా. వాడు హాస్టల్‌ది తీసుకున్నాడు. ఎందుకురా అంటే "అందులో అమ్మానాన్నలు ఉండరు కదక్కా" అన్నాడు. హాస్టల్ అంటే అమ్మానాన్నలు లేని దీవి అని నాకెప్పుడూ తట్టలేదు. వార్డెన్ ఉంటుంది రా అని చెప్దామనుకుని ఊరుకున్నా, వాడే చదివి తెలుసుకుంటాడు. ప్రస్తుతానికి యాభయ్యో పేజీలో ఉన్నాడు.